తపాలా సేవ ఆరోగ్య ప్రయోజనాల కార్యక్రమం (అమెరికా)

తపాలా సేవ ఆరోగ్య ప్రయోజనాల కార్యక్రమం అమెరికా సంయుక్త రాష్ట్రాల తపాలా సంస్థ ఉద్యోగులకు, ఆ సంస్థ నుండి పదవీ విరమణ చేసినవారికి, వారి అర్హులైన కుటుంబ సభ్యులకు ఆరోగ్య బీమా కల్పించే ప్రభుత్వ కార్యక్రమం. 2022లో చేసిన తపాలా సేవ సంస్కరణ చట్టం ద్వారా ఇది ఏర్పడినది. 2025 జనవరి 1 నుండి అమలులోకి వచ్చినది. దీనిని అమెరికా ప్రభుత్వపు సిబ్బంది నిర్వహణ కార్యాలయం (ఓ.పి.ఎం.) నిర్వహిస్తుంది. ఆంగ్ల సంక్షిప్త నామమైన పి.ఎస్.హెచ్.బి. పేరుతో ఇది ప్రసిద్ధం.

ఈ కార్యక్రమంలో నమోదు, పథకపు మార్పు, కుటుంబ సభ్యుల చేర్పు వంటి పనులు ప్రధానంగా అంతర్జాలం ద్వారా జరుగుతాయి. అయితే పింఛనుదారునికి సంబంధించిన వ్యవహారమంతా ఒకే వెబ్‌సైటులో లేదు. బీమా నమోదు ఒక చోట, పింఛను లెక్క మరొక చోట, మెడికేర్ నమోదు ఇంకొక చోట, వైద్య ఖర్చుల క్లెయిములు వేరొక చోట ఉంటాయి. వీటిలో కొన్ని నిర్ణయాలను తరువాత సరిదిద్దుకోవచ్చును. కొన్నింటిని జీవితకాలంలో మరల మార్చుకొనుట సాధ్యం కాదు. అందువలన ఏ పని ఎక్కడ చేయాలో, దాని ఫలితమేమిటో తెలిసి ఉండుట పింఛనుదారులకు ముఖ్యం.

నేపథ్యం

అమెరికా కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు ఆరోగ్య బీమా కల్పించే చట్టం 1959లో ఆమోదం పొంది, 1960 జులై నుండి అమలైనది. అప్పట్లో తపాలా శాఖ ప్రభుత్వ శాఖలలో ఒకటి. 1970 నాటి తపాలా పునర్వ్యవస్థీకరణ చట్టం వలన 1971 జులై 1న తపాలా శాఖ స్థానంలో స్వతంత్ర ప్రతిపత్తి గల తపాలా సంస్థ ఏర్పడినది. అయినప్పటికీ దాని ఉద్యోగులు, పింఛనుదారులు 2024 చివరి వరకు కేంద్ర ఉద్యోగుల ఆరోగ్య ప్రయోజనాల కార్యక్రమంలోనే కొనసాగారు.

2006 డిసెంబరులో అమలులోకి వచ్చిన తపాలా జవాబుదారీ చట్టం, భవిష్యత్తులో పదవీ విరమణ చేయబోయేవారి ఆరోగ్య బీమా ఖర్చు కొరకు ముందుగానే నిధి కూడబెట్టాలని తపాలా సంస్థను ఆదేశించినది. 2007 నుండి 2016 వరకు దాదాపు ప్రతి సంవత్సరం 540 కోట్ల నుండి 580 కోట్ల డాలర్ల వరకు ఈ నిధికి జమ చేయవలసి ఉండెను. ఉత్తరాల సంఖ్య తగ్గిపోతున్న కాలంలో ఈ భారం సంస్థ నష్టాలకు ఒక ముఖ్య కారణమైనది. 2012 నుండి సంస్థ ఈ వాయిదాలను చెల్లించలేకపోయినది.

ఈ సమస్య పరిష్కారానికి అనేక సంవత్సరాలు చర్చలు జరిగాయి. 2022 ఫిబ్రవరిలో ప్రతినిధుల సభ 342–92 ఓట్లతో, మార్చిలో సెనేటు 79–19 ఓట్లతో సంస్కరణ బిల్లును ఆమోదించాయి. అధ్యక్షుడు జో బైడెన్ 2022 ఏప్రిల్ 6న దానిపై సంతకం చేశాడు. ముందస్తు నిధి నిబంధనను ఈ చట్టం రద్దు చేసి, సుమారు 5,700 కోట్ల డాలర్ల బకాయిలను తొలగించినది. దానికి జతగా తపాలా ఉద్యోగులకు, పింఛనుదారులకు ప్రత్యేక ఆరోగ్య కార్యక్రమాన్ని ఏర్పరచి, దానిని వృద్ధుల ప్రభుత్వ ఆరోగ్య బీమా అయిన మెడికేర్‌తో అనుసంధానించినది.

పాత చర్చలలో, అప్పటికే పదవీ విరమణ చేసినవారిపై కూడా మెడికేర్ నమోదును తప్పనిసరి చేయాలన్న ప్రతిపాదన వివాదాస్పదమైనది. 1921లో స్థాపించబడిన కేంద్ర ఉద్యోగుల, పింఛనుదారుల జాతీయ సంఘం (నార్ఫీ) దానిని వ్యతిరేకించినది. తుది చట్టంలో ఈ నిబంధనను ప్రధానంగా భవిష్యత్తులో పదవీ విరమణ చేసేవారికే వర్తింపజేశారు.

కార్యక్రమ స్వరూపం

భారతదేశంలో కేంద్ర ప్రభుత్వ ఆరోగ్య పథకం (సి.జి.హెచ్.ఎస్.) తన స్వంత ఆరోగ్య కేంద్రాల ద్వారా కూడా వైద్యం అందిస్తుంది. అమెరికాలోని ఈ కార్యక్రమం అటువంటిది కాదు. ఇందులో ప్రభుత్వం ఆసుపత్రులను నడపదు. ఓ.పి.ఎం. ఆమోదించిన బీమా సంస్థలు పథకాలను అందిస్తాయి. సభ్యుడు వాటిలో ఒకదానిని ఎంచుకుంటాడు. దేశమంతటా లభించే పథకాలలో బ్లూ క్రాస్ బ్లూ షీల్డ్ పథకం, జి.ఇ.హెచ్.ఎ. పథకం, ఉత్తరాల బట్వాడాదారుల సంఘం పథకం, తపాలా కార్మికుల సంఘం పథకం మొదలైనవి ఉన్నాయి. ఇవి కాక కైజర్ పర్మనెంటే వంటి ప్రాంతీయ సంస్థల పథకాలు కూడా కలవు.

నమోదు మూడు రకాలు: స్వయంగా ఒక్కరికే, తనతో పాటు మరొకరికి, కుటుంబమంతటికి. పిల్లలకు సాధారణంగా 26 సంవత్సరాలు నిండే వరకు అర్హత ఉంటుంది.

పింఛనుదారుల ప్రీమియంలో ప్రభుత్వ వాటా కార్యక్రమంలోని పథకాల సగటు ప్రీమియంలో 72 శాతం, లేదా ఎంచుకున్న పథకపు ప్రీమియంలో 75 శాతం – ఈ రెండింటిలో ఏది తక్కువైతే అది. మిగిలినది ప్రతి నెల పింఛను నుండి మినహాయించబడుతుంది. పదవిలో ఉన్న ఉద్యోగి ప్రీమియం సాధారణంగా పన్నుకు ముందు జీతం నుండి పోతుంది. పింఛనుదారునికి ఆ సౌలభ్యం లేదు.

పదవీ విరమణ తరువాత బీమా కొనసాగుటకు షరతులు

పదవీ విరమణ చేసిన ప్రతి ఉద్యోగికి బీమా తనంతట తాను కొనసాగదు. ప్రధాన షరతులు రెండు.
* పదవీ విరమణ వెంటనే పింఛను ప్రారంభమయ్యే విధంగా ఉండాలి.
* పదవీ విరమణకు ముందు వరుసగా అయిదు సంవత్సరాలు, లేదా మొదటిసారి అర్హత లభించిన నాటి నుండి, బీమాలో ఉండి ఉండాలి. కేంద్ర ఉద్యోగుల పాత కార్యక్రమంలో గడిచిన కాలం కూడా ఇందులో లెక్కించబడుతుంది.

పింఛను దస్తావేజులను ఓ.పి.ఎం. పరిశీలించుటకు కొన్ని నెలలు పట్టవచ్చును. ఆ దస్తావేజులలో అధిక భాగం పెన్సిల్వేనియా రాష్ట్రంలోని బోయర్స్ వద్ద ఒక పాత సున్నపురాతి గనిలో భద్రపరచబడినవి. పరిశీలన పూర్తయ్యే వరకు తాత్కాలిక పింఛను చెల్లించబడుతుంది. ఆ కాలంలో బీమా కొనసాగుతుంది కాని ప్రీమియం మినహాయింపు జరగకపోవచ్చును. తుది పింఛను నిర్ణయమైనపుడు బకాయి ప్రీమియం మొత్తం ఒకేసారి మినహాయించబడుతుంది. పదవీ విరమణ చేసినవారు ఈ మొత్తాన్ని ముందుగా లెక్కలో ఉంచుకొనుట మంచిది.

అంతర్జాల సేవలు

పింఛనుదారుడు ఉపయోగించవలసిన వెబ్‌సైటులు ముఖ్యంగా ఈ క్రింది విధంగా ఉన్నాయి.

తపాలా ఆరోగ్య ప్రయోజనాల వ్యవస్థ: ఓ.పి.ఎం. నిర్వహించే ఈ వెబ్‌సైటులో పథకాలను పోల్చి చూచుట, నమోదు, పథకపు మార్పు, కుటుంబ సభ్యుల చేర్పు, తొలగింపు చేయవచ్చును. ప్రవేశానికి లాగిన్.గవ్ లేదా ఐడి.మి ఖాతా కావాలి. ఇవి రెండూ వ్యక్తి గుర్తింపును ధ్రువీకరించే సేవలు. సంకేతపదంతో పాటు ఫోనుకు వచ్చే సంఖ్య వంటి రెండవ ధ్రువీకరణ కూడా అవసరం. ఫోను నంబరు మారినపుడు ఈ ఖాతాలో కూడా మార్చుకొననిచో నమోదు కాలంలో ప్రవేశించుట కష్టమగును.

ఓ.పి.ఎం. పింఛను సేవల వెబ్‌సైటు: నెలవారీ పింఛను వివరాలు, ప్రీమియం మినహాయింపు, చిరునామా, బ్యాంకు ఖాతా, ఆదాయపు పన్ను పత్రాలు ఇక్కడ లభిస్తాయి. బీమా నమోదు వెబ్‌సైటులో పథకం మార్చిన తరువాత, సరియైన ప్రీమియం పోవుచున్నదో లేదో తెలుసుకొనుటకు పింఛను వివరాలను చూడవలసి ఉంటుంది.

సామాజిక భద్రతా సంస్థ వెబ్‌సైటు: మెడికేర్ ఎ, బి భాగాలలో నమోదు ఇక్కడ జరుగుతుంది. బీమా సంస్థలో గాని, ఓ.పి.ఎం. వద్ద గాని మెడికేర్ నమోదు జరగదు.

బీమా సంస్థ వెబ్‌సైటు: గుర్తింపు కార్డు, వైద్యుల జాబితా, క్లెయిముల స్థితి, మందుల జాబితా ఇక్కడ ఉంటాయి. ఏ పథకంలో ఉన్నారన్న విషయం మాత్రం ఇక్కడ మార్చుటకు వీలు లేదు.

బెనెఫెడ్స్: దంత, నేత్ర బీమాలు ప్రత్యేక కార్యక్రమానికి చెందినవి. వాటి నమోదు, ప్రీమియం ఈ వెబ్‌సైటులో ఉంటాయి. ఆరోగ్య పథకం మార్చినంత మాత్రాన ఇవి మారవు.

పదవిలో ఉన్నప్పుడు ఉద్యోగులు వాడే లైట్‌బ్లూ వెబ్‌సైటు ఉద్యోగుల కొరకు ఉద్దేశించినది. అందుచేత పదవీ విరమణకు ముందే సేవా వివరాలు, బీమా నమోదు చరిత్ర మొదలైన వాటి ప్రతులను అక్కడినుండి తీసి ఉంచుకొనుట ప్రయోజనకరం. కంప్యూటరు వాడలేనివారు కార్యక్రమపు సహాయ కేంద్రానికి ఫోను చేసి నమోదు పనులు చేసుకోవచ్చును.

మార్పులు చేయదగిన సమయాలు

ప్రతి సంవత్సరం నవంబరు, డిసెంబరు నెలలలో సుమారు నాలుగు వారాలు ఓపెన్ సీజన్ అని పిలువబడే నమోదు కాలం ఉంటుంది. ఈ కార్యక్రమపు మొదటి నమోదు కాలం 2024 నవంబరు 11న మొదలైనది. అప్పుడు ఏ ఎంపికా చేయనివారిలో అధికులను వారి పాత పథకానికి సమానమైన తపాలా పథకంలో చేర్చారు. మరుసటి నమోదు కాలం 2025 నవంబరు 10 నుండి డిసెంబరు 8 వరకు జరిగినది.

నమోదు కాలంలో ఏమీ చేయకపోతే ఉన్న పథకమే కొనసాగుతుంది. కాని ఆ పథకపు ప్రీమియం, మందుల జాబితా, వైద్యుల జాబితా మారి ఉండవచ్చును. 2025లో ఈ కార్యక్రమంలో సభ్యులు చెల్లించే ప్రీమియం వాటా సగటున 11.1 శాతం పెరిగినది. కాబట్టి మార్పు అవసరం లేదనుకున్నవారు కూడా మరుసటి సంవత్సరపు వివరాలను చూచుట మంచిది.

వివాహం, విడాకులు, శిశు జననం, కుటుంబ సభ్యుని మరణం వంటి సందర్భాలలో నమోదు కాలంతో సంబంధం లేకుండా మార్పులు చేయవచ్చును. సాధారణంగా సంఘటనకు 31 రోజుల ముందు నుండి 60 రోజుల తరువాత వరకు ఈ అవకాశం ఉంటుంది. విడాకులైన పిమ్మట పూర్వపు భార్య లేక భర్త కుటుంబ సభ్యులుగా అర్హులు కారు. ఆ విషయం తెలియజేయకుండా బీమా వాడుకుంటే చెల్లించిన ఖర్చులను తిరిగి వసూలు చేసే అవకాశం ఉన్నది.

మెడికేర్‌తో అనుసంధానం

మెడికేర్‌లో ఎ భాగం ఆసుపత్రి చికిత్సకు, బి భాగం వైద్యుల సేవలకు, డి భాగం మందులకు సంబంధించినవి. తగినంత కాలం పని చేసినవారికి 65 ఏళ్ళ వయస్సులో ఎ భాగం ప్రీమియం లేకుండా లభిస్తుంది. బి భాగానికి నెలవారీ ప్రీమియం ఉంటుంది. సాధారణ ప్రీమియం 2025లో 185 డాలర్లు, 2026లో 202.90 డాలర్లు. అధిక ఆదాయం గలవారు ఇంకా ఎక్కువ చెల్లించాలి.

కొత్త నిబంధన ప్రకారం ఎ భాగానికి అర్హులైన తపాలా పింఛనుదారులు, వారి కుటుంబ సభ్యులు తపాలా ఆరోగ్య బీమా నిలుపుకొనుటకు బి భాగంలో చేరాలి. దీనికి మినహాయింపులు ఇవి:
* 2025 జనవరి 1 నాటికి పదవీ విరమణ చేసి, అప్పటికి బి భాగంలో లేనివారు
* ఆ తేదీ నాటికి ఉద్యోగంలో ఉండి 64 ఏళ్ళు లేదా అంతకు పైబడినవారు
* అమెరికా వెలుపల నివసించేవారు
* మాజీ సైనికుల శాఖ ఆరోగ్య సేవలలో నమోదైనవారు
* అమెరికా ఆదివాసుల ఆరోగ్య సేవకు అర్హులైనవారు

2025 జనవరి 1 నాటికి బి భాగంలో ఉన్న పింఛనుదారులు దానిని కొనసాగించాలి. మానివేస్తే తపాలా బీమా కూడా పోతుంది.

అమెరికా వెలుపల నివసించేవారి మినహాయింపు భారతదేశానికి తిరిగి వచ్చి స్థిరపడిన తపాలా పింఛనుదారులకు కూడా వర్తిస్తుంది. మెడికేర్ సాధారణంగా విదేశాలలో చికిత్సకు చెల్లించదు. తపాలా పథకాలలో కొన్ని విదేశీ చికిత్సకు కూడా వర్తిస్తాయి. హైదరాబాదులో గాని, విశాఖపట్నంలో గాని నివసించే పింఛనుదారుడు తన విదేశ నివాసానికి రుజువు సమర్పించాలి. అమెరికాకు తిరిగి వెళ్ళి స్థిరపడితే మినహాయింపు ముగుస్తుంది.

బి భాగంలో చేరవలసిన సమయం దాటితే, ఆలస్యమైన ప్రతి పూర్తి 12 నెలలకు ప్రీమియం 10 శాతం చొప్పున పెరుగుతుంది. ఈ అపరాధ రుసుము సాధారణంగా బి భాగంలో ఉన్నంత కాలం ఉంటుంది. ఉదాహరణకు, మూడు సంవత్సరాలు ఆలస్యమైన వ్యక్తి 2026లో నెలకు 202.90 డాలర్లకు బదులు సుమారు 264 డాలర్లు చెల్లించాలి. 65 ఏళ్ళ తరువాత కూడా ఉద్యోగంలో కొనసాగినవారికి ఉద్యోగం ముగిసిన తరువాత ఎనిమిది నెలల ప్రత్యేక నమోదు కాలం ఉంటుంది. ఆ లోపు చేరితే రుసుము లేదు. కార్యక్రమం మొదలగుటకు ముందు, 2024 ఏప్రిల్ 1 నుండి సెప్టెంబరు 30 వరకు, అర్హులైన పింఛనుదారులకు ఒక ప్రత్యేక అవకాశం ఇచ్చి, అప్పుడు చేరినవారి ఆలస్యపు రుసుమును తపాలా సంస్థయే భరించినది.

పింఛనుదారునికి రెండూ ఉన్నపుడు మొదట మెడికేర్, తరువాత తపాలా పథకం చెల్లిస్తాయి. మెడికేర్ ఉన్నవారికి అనేక పథకాలు రోగి భరించవలసిన వాటాను తగ్గిస్తాయి. కొన్ని పథకాలు బి భాగపు ప్రీమియంలో కొంత తిరిగి ఇస్తాయి.

మందుల బీమా

మెడికేర్ గల పింఛనుదారులను వారి తపాలా పథకపు డి భాగంలో తనంతట తానుగా చేర్చుతారు. దీనికి వేరుగా ప్రీమియం లేదు. అధిక ఆదాయం గలవారికి మాత్రం ప్రభుత్వం అదనపు రుసుము విధిస్తుంది. 2022 నాటి చట్టం వలన డి భాగంలో రోగి సంవత్సరానికి స్వయంగా చెల్లించే మొత్తానికి 2025లో 2,000 డాలర్లు, 2026లో 2,100 డాలర్లు పరిమితి ఏర్పడినది.

ఈ డి భాగం వద్దనుకున్నవారికి తపాలా పథకంలో మందుల బీమా ఉండదు. ప్రీమియం మాత్రం తగ్గదు. ఒక వ్యక్తి ఒకేసారి రెండు డి భాగపు పథకాలలో ఉండుటకు వీలు లేదు. కాబట్టి టెలివిజను ప్రకటన చూచి వేరొక ప్రైవేటు డి భాగపు పథకంలో చేరినవారు, తెలియకుండానే తపాలా పథకపు మందుల బీమాను కోల్పోతారు.

రద్దు, తాత్కాలిక నిలుపుదల

పింఛనుదారులు తీసుకునే నిర్ణయాలలో మిక్కిలి జాగ్రత్త అవసరమైనది ఇది. తపాలా బీమా నుండి బయటకు వచ్చుటకు రెండు మార్గాలున్నాయి. చూచుటకు ఒకటిగానే కనిపించినా వాటి ఫలితాలు పూర్తిగా వేరు.

రద్దు చేసుకున్న పింఛనుదారుడు సాధారణంగా ఎన్నటికీ తిరిగి చేరలేడు. బీమాకు అర్హమైన ప్రభుత్వ ఉద్యోగంలో మరల చేరుట, లేదా మరొక సభ్యుని కుటుంబంలో భాగమగుట వంటి అరుదైన సందర్భాలే మినహాయింపు.

తాత్కాలికంగా నిలుపుదల చేసుకున్నవారు తిరిగి రావచ్చును. ప్రైవేటు సంస్థలు నడిపే మెడికేర్ అడ్వాంటేజి పథకం, సైనిక కుటుంబాల ట్రైకేర్, పేదల కొరకైన మెడికెయిడ్ వంటి నిర్దిష్ట బీమాలలో ఉన్నవారికే ఈ అవకాశం ఉన్నది. అందుకు తగిన రుజువు సమర్పించాలి. ఆ తరువాత ఏ నమోదు కాలంలోనైనా, లేదా ఆ ఇతర బీమా తమ ప్రమేయం లేకుండా పోయినపుడు, తపాలా బీమాలోకి తిరిగి రావచ్చును.

ఉదాహరణకు ప్రీమియం ఆదా చేయవలెనని తపాలా బీమాను రద్దు చేసి మెడికేర్ అడ్వాంటేజిలో చేరిన వ్యక్తి, ఆ పథకం తన ప్రాంతంలో ఆగిపోయినపుడు తపాలా బీమాకు తిరిగి రాలేడు. అదే వ్యక్తి నిలుపుదల కోరి ఉంటే తిరిగి రాగలడు.

జీవిత భాగస్వామి హక్కు

పింఛనుదారుడు మరణించిన తరువాత అతని భార్య (లేక ఆమె భర్త)కు బీమా కొనసాగాలంటే రెండు విషయాలు ఉండాలి. మరణించే నాటికి ఆమె తపాలా బీమాలో కుటుంబ సభ్యురాలిగా నమోదై ఉండాలి. ఆమెకు కుటుంబ పింఛను లభించాలి. పదవీ విరమణ సమయంలో పింఛను ఎక్కువ రావాలని కుటుంబ పింఛనును వదులుకొనుట, తరువాత ఖర్చు తగ్గించుటకు నమోదును ఒక్కరికే మార్చుట – వీటిలో ఏది జరిగినా జీవిత భాగస్వామి బీమా కోల్పోవచ్చును. నమోదు వెబ్‌సైటులో కుటుంబ పింఛను వివరం కనిపించదు. దానిని ఓ.పి.ఎం. పింఛను పత్రాలలో సరి చూచుకోవాలి.

భద్రత

అంతర్జాల సేవలకు మారుటతో మోసాల ప్రమాదం కూడా పెరిగినది. 2014లో తపాలా సంస్థ కంప్యూటర్లలోకి చొరబడినవారి వలన 8 లక్షలకు పైగా వ్యక్తుల వివరాలు బయటపడ్డాయి. 2015లో బయటపడిన ఓ.పి.ఎం. పై దాడిలో 2 కోట్లకు పైగా వ్యక్తుల వివరాలు దొంగిలించబడినవి. 2022 చివరలో లైట్‌బ్లూను పోలిన నకిలీ వెబ్‌సైటుల ద్వారా కొందరు ఉద్యోగుల సంకేతపదాలు కాజేసి, వారి జీతాలను దారి మళ్ళించారు. ఆ తరువాత 2023 జనవరి నుండి లైట్‌బ్లూలో రెండంచెల ధ్రువీకరణ తప్పనిసరి అయినది.

వెతుకులాట యంత్రంలో పేరు కొట్టి వచ్చిన మొదటి లంకెను నొక్కకుండా ప్రభుత్వ చిరునామాను స్వయంగా టైపు చేయుట, ఫోనులో అడిగినవారికి మెడికేర్ సంఖ్యను గాని ధ్రువీకరణ సంఖ్యను గాని చెప్పకుండుట ప్రధాన జాగ్రత్తలు. ఏ మార్పు చేసినా వచ్చే నిర్ధారణ పత్రాన్ని అచ్చు తీసి భద్రపరచుకొనినచో, ప్రీమియం మినహాయింపులో గాని నమోదులో గాని తేడా వచ్చినపుడు అదే రుజువుగా ఉపయోగపడుతుంది.